పెరుగు ముందు స్వరం

మా అమ్మాయికి రెండున్నరేళ్ళు. అన్నం తినదు. ఈ మాట చెబితే పెద్దవాళ్ళు నవ్వి, పిల్లలన్నాక అంతేలే అంటారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. బరువు చూసి, కార్డు మీద చుక్క పెట్టి, "కొంచెం శ్రద్ధ తీసుకోండమ్మా" అన్నాడు. చదువుకున్న దాన్ని కదా, శ్రద్ధ అంటే ఏం చెయ్యాలో తెలియక ఒక నోట్‌బుక్ కొన్నాను. పొద్దున ఆరు ముద్దలు. మధ్యాహ్నం నాలుగు, అందులో ఒకటి ఉమ్మేసింది. రోజూ పిల్ల పడుకున్నాక, గిన్నెలు తోమడం అయ్యాక, ఇలా కూర్చుని ఆ రోజు ముద్దలు రాసుకుంటాను.

ఈ మధ్య ఒక ఉపాయం దొరికింది. టేప్ రికార్డరులో పిల్లల పాటలు పెడితే నోరు తెరుస్తోంది. ఇవాళ మధ్యాహ్నం కూడా అలాగే పెట్టాను. మూడు ముద్దలయ్యాక క్యాసెట్టు ఒకవైపు అయిపోయి, మీట టక్కున పైకి లేచింది. పాట ఆగిపోయింది. పిల్ల బుగ్గలో ముద్ద అలాగే ఉంది. నా వంక చూడలేదు. ఆగిపోయిన టేప్ రికార్డరు వంకే చూస్తోంది.

ఆ చూపు చూసి నాకు మా అమ్మమ్మగారి మామిడితోట గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ తోటలో నేనూ అలాగే బుగ్గలో ముద్ద పెట్టుకుని, ఆగిపోయిన పెట్టె వంక చూస్తూ కూర్చున్నాను.

ఆగిరిపల్లి వైపు మా తాతయ్యకి తోట ఉండేది. ఎక్కువ చెట్లు రసాలు, కొన్ని బంగినపల్లి, గట్టు వెంట ఊరగాయకి పనికొచ్చే నాటు చెట్లు. వేసవి సెలవుల్లో మేం వెళ్ళేసరికి కోతలు జోరుగా ఉండేవి. పొడుగాటి కర్ర చివర చిక్కం కట్టి, కాయ కిందపడకుండా వల్లోకి దింపేవాళ్ళు. సొన కారిన చేతులు, వరిగడ్డి, గడ్డిలో మగ్గుతున్న కాయలు, బీడీ పొగ, అన్నీ కలిసిన వాసన ఒకటి తోట మధ్య పాకలో ఉండేది. దాన్ని ఇప్పటికీ ఏ సీసాలోనూ దొరకపుచ్చుకోలేకపోయాను. సాయంత్రానికి బుట్టలు ఎడ్లబండెక్కి నూజివీడు వెళ్ళేవి. ఆపైన లారీల్లో ఎక్కడెక్కడికో.

ఆ వేసవికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు నేనొక పని పెట్టుకున్నాను. పెద్దవాళ్ళు చెప్పేవి నిజమా కాదా అని ఒక్కొక్కటీ పరీక్ష చేసి చూడటం. పుచ్చగింజ మింగితే కడుపులో తీగ మొలుస్తుందన్నారు. ఏడు మింగాను. ఏమీ కాలేదు. సొన తగిలితే మూతి కాలుతుందన్నారు. కాయ తొడిమ తుంచి పెదవికి రాసుకున్నాను. రెండో రోజుకి పెదవి పెసరపుణుకంత అయింది. అమ్మమ్మ కొబ్బరినూనె రాస్తూ, "ఎవరైనా చెబితే వింటారు. ఇదేంటో మూతి పెట్టి చూస్తుంది" అంది. పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద, మేం అక్కా అని పిలిచేవాళ్ళం. నా పరీక్షలకి కావలసిన సరుకంతా తనే అందించేది. ఒకరోజు మంచం మీద పక్కపక్కన పడుకుని ఉండగా చెప్పింది.

"సన్నాయి ఊదేవాళ్ళ ముందు పుల్లటిది తింటే వాళ్ళ నోట్లో నీళ్ళూరి పాట ఆగిపోద్దంట, తెలుసా?"

"పో! అబద్ధం."

"మా ఊళ్ళో పెళ్ళిలో ఎవరో చింతకాయ చీకారంట. ఆగిపోయిందంట."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. అంట."

అంట అన్న ప్రతిదీ నాకు ఆ రోజుల్లో పరీక్షే.

కోతలు ముగిసిన మర్నాడు తోటలో భోజనాలు పెట్టేవాళ్ళు. కోత కూలీలు, బండ్లవాళ్ళు, నూజివీడు నుంచి కాయ కొన్న షావుకార్లు, మా చుట్టాలు, అందరూ కలిపి వందకు పైనే. భోజనాలు ఏ తోటలో అయినా పెడతారు. మా తోటలో ఒక వింత ఉండేది. పంక్తిలో ఎవరూ నోరు తెరిచి "ఇటు పప్పు", "ఇటు నెయ్యి" అని అడగకూడదు. వడ్డించేవాళ్ళు "ఇంకాస్త?" అని అడగకూడదు. సన్నాయి వాయిస్తుంది. ఆ పాటని బట్టే వడ్డన.

తాతయ్య తండ్రిగారు పెట్టిన పద్ధతట అది. గట్టిగా అడిగేవాళ్ళకి రెండుసార్లు పడుతోందనీ, సిగ్గుపడే కూలి ఆడవాళ్ళు అర్ధాకలితో లేస్తున్నారనీ ఆయన ఒక ఏడు గమనించాడట. అడిగే నోళ్ళన్నీ మూయించి, ఒక్క సన్నాయికే నోరిచ్చాడు. మొదటి పాటకి బూరెలు. అది మారగానే పప్పు, నెయ్యి. ఇంకో పాటకి కూర, ఊరగాయ. తర్వాత పులుసు. ఆఖరున పెరుగు, దాంతో రసాలు. పాట మారిందంటే గంగాళాలు కదలాలి, మారకపోతే వంటవాళ్ళయినా కదలకూడదు. ఆ రాగాలకి పేర్లుంటాయని నాకు చాలాకాలం తెలియదు. కాలేజీలో సంగీతం వచ్చిన స్నేహితురాలు రేడియో వింటూ "మధ్యమావతి" అంటే, "కాదు, పెరుగు పాట" అన్నాను. నోట్లో అప్పుడే రసం పిండిన పెరుగన్నం రుచి.

సన్నాయి వాయించేది ఒక ముసలాయన. మేం సన్నాయి తాత అనేవాళ్ళం. డోలు ఆయన అల్లుడిది. తాత పంక్తుల మధ్య, ఒక చివర, అన్ని విస్తళ్ళూ కనబడేచోట చాప మీద కూర్చునేవాడు. పులుసు పాట అయిపోయి పెరుగు పాట మొదలయ్యే ముందు ఒక్క స్వరం పట్టుకుని నిలబెట్టేవాడు. అది సాగేది, సాగేది, డోలు ఆగిపోయేది, ఎక్కడో కోయిల కూసి తనే మానుకునేది. చేతుల్లో ముద్దలతో వంద మంది అలా ఉండిపోయేవాళ్ళు. ఆ స్వరం కోసమే మైలవరం నుంచి ఒక షావుకారు ప్రతి ఏడూ వచ్చేవాడు. "అబ్బ! ఏం దమ్మండీ, ఈ వయసులో!" అని తల ఊపేవాడు. నాకు మాత్రం, అంత గాలి ఆ సన్నటి ఛాతీలో ఎక్కడ దాచుకుంటాడా అని ఉండేది.

అంత వాయించినాయన భోజనం మాత్రం అందరూ లేచాక, పొయ్యిల పక్కన. అప్పటికి అన్నీ చల్లారిపోయేవి. ఎందుకలా అని నేను అడగలేదు. ఎన్నో అడిగిన దాన్ని, అది మాత్రం అడగలేదు. సన్నాయి వాళ్ళది ఏ కులమో, పంక్తిలో ఎందుకు చోటుండదో పెద్దయ్యాక తెలిసింది.

ఆ ఏడు భోజనాలకి రెండు రోజుల ముందు ఇంట్లో గొడవైంది. మావయ్య హనుమాన్ జంక్షన్ వెళ్ళి మైకు సెట్టు మాట్లాడి వచ్చాడు. రికార్డు ప్లేయరు, గరాటా స్పీకరు.

"సన్నాయి రికార్డే పెడదాం నాన్నా. పెద్దపెద్దవాళ్ళు వాయించింది. ముసలాయనకి పళ్ళు ఊడిపోతన్నాయి. పోయినేడు రెండుసార్లు తప్పాడు, విన్నావుగా. షావుకార్ల ముందు నవ్వులపాలవుతాం."

"ఆయన్ని పిలిచే గడప మనదొక్కటే మిగిలిందిరా. పెళ్ళిళ్ళన్నీ బ్యాండువాళ్ళు పట్టుకుపోయారు" అన్నాడు తాతయ్య.

"అందుకని మనం ఎన్నాళ్ళు మొయ్యాలి?"

"ఈ ఏడు వాయించనీ. బూరె నుంచి పెరుగు దాకా ఆగకుండా వాయిస్తే వచ్చే ఏడూ ఆయనే. మధ్యలో ఆగితే నీ మైకే పెట్టుకో. ఇంక మాట్లాడను."

నేను స్తంభం వెనకాల నుంచుని అంతా విన్నాను. విన్నాక కూడా ఆ పని చేశాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకునేది ఏంటంటే, పుచ్చగింజల్లాగే ఇదీ అబద్ధమే అవుతుందనుకున్నానని. అది చాలావరకు నిజం. మిగతాది, ఒకవేళ నిజమైతే ఎలా ఉంటుందో చూడాలన్న దురద.

భోజనాల రోజు పంక్తి చివర, తాతకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. నాకు ఎప్పుడూ అక్కడే చోటు. తినడంలో నేను మహా ఆలస్యం కాబట్టి ఎవరికీ అడ్డం లేకుండా చివర వేసేవాళ్ళు. గౌను జేబులో నాటుకాయ ముక్క, ఉప్పూకారం అద్దింది. దూరంగా మావయ్య రికార్డు ప్లేయరు సిద్ధంగా పెట్టుకుని, "ఊరికే, ఎందుకైనా మంచిదని" అంటూ తిరుగుతున్నాడు.

బూరెలయ్యాయి. పప్పు పాట మొదలైంది. నెయ్యి చారలు చారలుగా పడింది. నేను విస్తరి వదిలేసి జేబులోంచి ముక్క తీశాను. కటుక్కున కొరికి, కళ్ళు చికిలించి, లొట్టలు వేస్తూ చీకాను. తాత నా వంకే చూస్తున్నాడు. గొంతులో ముడి ఒకసారి పైకి లేచి దిగింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఒక్క క్షణమే. మళ్ళీ నా వంకే చూశాడు. ఎందుకు చూడాలి? ఇంకా నూరు విస్తళ్ళున్నాయిగా? అది నాకు అర్థం కాలేదు. మళ్ళీ కొరికాను.

సన్నాయిలో గురగురమని నీళ్ళ చప్పుడు వచ్చింది. పాట తడిసిపోయినట్టయింది. ఆయన నోట్లోంచి సన్నాయి పీక తీసి, కండువాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కీచుమంది. పిల్లలు నవ్వారు. ఇంకోసారి పెట్టుకున్నాడు. ఏమీ రాలేదు. డోలు రెండు దెబ్బలు ఒంటరిగా మోగి ఆగిపోయింది.

నిజమే! అనుకున్నాను. నా ఒళ్ళంతా ఝల్లుమంది. అది సంతోషమేనని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ నిశ్శబ్దంలో మావయ్య ముల్లు రికార్డు మీద పెట్టాడు.

రికార్డు సన్నాయి గట్టిగా, గొప్పగా మోగింది. ఒక్క తప్పు లేదు. పాట మారింది కాబట్టి కూర గంగాళాలు కదిలాయి. పప్పన్నం ఇంకా సగం కూడా కాలేదు. రికార్డులో మూడు నిమిషాలకే ఆ పాట అయిపోయి ఇంకోటి వచ్చింది. ఏళ్ళ తరబడి పాటకే నడిచిన కాళ్ళు కదా, వడ్డించేవాళ్ళు పులుసు బకెట్లతో పరుగున వచ్చారు. పప్పు మీద పులుసు పడింది. మళ్ళీ పాట మారింది.

"ఇదేం పాటే? మళ్ళీ బూరెలా?" అని ఒక వంటావిడ గంగాళం పట్టుకుని గిరగిరా తిరుగుతోంది.

"పెరుగుదిలా ఉందమ్మా, పోసెయ్యి, పోసెయ్యి!"

మైలవరం షావుకారు రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి, "ఆగండమ్మా! ముంచేస్తారా ఏంటి!" అని అరిచాడు. ఆ తోటలో పంక్తిలో ఒకరు నోరు తెరిచి అరవడం అదే మొదటిసారట. అక్కణ్ణించి అందరూ అరిచారు. "ఇటు అన్నం", "ఇటు మంచినీళ్ళు", "ఏవమ్మా, మేం కనబళ్ళేదా". అవతలి వరసలో కూలి ఆడవాళ్ళు మాత్రం ఏమీ అనలేదు. పులుసులో ఈదుతున్న పప్పుని చూస్తూ కూర్చున్నారు.

ఇంతలో రికార్డు అయిపోయింది. టక్కుమంది. పాట అయిపోతే లేవడం అలవాటు కదా, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ అందరూ లేచారు. నా విస్తట్లో అన్నీ అలాగే ఉన్నాయి. బుగ్గలో ఒక ముద్ద, చూపు ఆగిపోయిన పెట్టె మీద. అటూ ఇటూ మనుషులు లేచిపోయిన విస్తళ్ళు. అంతకుముందు ఏ ఏడూ నేను తింటుండగా ఎవరూ లేవలేదు. నేను ఆలస్యం అని ఇంట్లో అందరూ తిట్టేవాళ్ళు గానీ, ఆ తోటలో మాత్రం నా ముద్ద అయ్యేసరికి సరిగ్గా పెరుగు వచ్చేది. అదెలా జరిగేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

అమ్మమ్మ వచ్చి నా జేబు వంక చూసింది. గౌను మీద కారం మరక.

"ఏంటే అది?"

ముక్క తీసి చూపించాను. "నిజమో కాదో చూద్దామని."

"చూశావా?"

"నిజమే అమ్మమ్మా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చెయ్యి పట్టుకుని పొయ్యిల దగ్గరికి తీసుకెళ్ళింది. తాత సన్నాయిని గుడ్డలో చుట్టుకుంటున్నాడు. అమ్మమ్మ ఆయన ముందు తనే విస్తరి వేసి, వేడన్నం వడ్డించింది.

"తిను పెద్దాయనా. నువ్వు తిన్నంతసేపూ ఈ పిల్ల పాడుద్ది. నీ చెయ్యి కడిగేదాకా ఆపకూడదు."

"ఎందుకమ్మగారూ, పసిపిల్ల. ఆడుకోనివ్వండి."

"ఆడుకుంది చాల్లే."

నాకు వచ్చినవి బడి ప్రార్థన, చిన్నతమ్ముడికి అమ్మ పాడే జోలపాట. రెండూ అయిపోయేసరికి ఆయన బూరె చివర కూడా కొరకలేదు. ముందు పళ్ళు లేవు కదా, పక్కకి పెట్టుకుని మెల్లగా నానబెట్టి నములుతున్నాడు. మళ్ళీ ప్రార్థన పాడాను. మళ్ళీ జోల. గొంతు ఎండిపోయింది. ఇంకేం తోచక ఎక్కాలు ఎత్తుకున్నాను. రెండొకట్ల రెండు నుంచి రాగం తీస్తూ వెళ్ళాను. తాత నవ్వి, ఎడంచేత్తో నేల మీద తాళం వేశాడు. ఏడో ఎక్కం దగ్గర పప్పు, పదో ఎక్కం దగ్గర పులుసు. ఆయన బుగ్గ కదులుతోందా లేదా అని దాన్నే చూస్తున్నాను. అది ఖాళీ అయితేగానీ నాకు విముక్తి లేదు. పదమూడో ఎక్కం సరిగా రాదు. "పదమూడార్లా..." అని అక్కడే నిలబడి సాగదీశాను. ఆయన ముద్ద మింగేదాకా ఊపిరి పట్టి సాగదీశాను.

ఆయన చెయ్యి ఆపి నా వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు, నవ్వుకో దేనికో.

"అదే పాపగారూ. అట్టాగే."

"ఏది తాతా?"

"ఆ షావుకారుగారు మెచ్చుకుంటారే, పెరుగు ముందు దమ్ము. అది నా గొప్పేం కాదు. అందరూ పులుసన్నం కానిచ్చి కూచుంటారు. తమరు ఒక్కరే మిగులుతారు, బుగ్గలో ముద్దెట్టుకుని. పాట మారిస్తే పెరుగొచ్చేస్తది. తమరింకా తినాలిగా. అందుకని ఆ స్వరం పట్టుకు కూచుంటా. పోయినేడు ఉడతని చూస్తా మింగటం మర్చిపోయారు. నాకు కళ్ళు బైర్లు కమ్మినయ్యి."

పదమూడార్లు ఎంతో కూడా గుర్తు రాలేదు.

"మరి ఇందాక ఎందుకు నా వంకే చూశావు? పక్కకి తిరగొచ్చుగా?"

"తిరిగితే తమరి ముద్ద కనపడదు గదండీ."

ఆయన చెయ్యి కడిగాక నేను అక్కణ్ణించి లేచి తాతయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయనా మావయ్యా మంచం మీద కూర్చున్నారు, పక్కనే షావుకార్లు. ముక్క ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. దాన్ని తాతయ్య ముందు పెట్టి, "సన్నాయి తాత తప్పు కాదు, నేనే చీకాను" అన్నాను. తాతయ్య ముక్కని చూశాడు, నా వాచిన పెదవిని చూశాడు.

మావయ్య నవ్వేసి, "అదే నే చెప్పేది. రికార్డు ముందు బుట్టెడు చింతకాయలు తిన్నా దాని నోరూరదు" అన్నాడు.

"ఊరదు. ఎవరు తింటన్నారో దానికి తెలిస్తేగా" అన్నాడు తాతయ్య. "వచ్చే ఏడు కూడా ఆయనే. ఈ పిల్లకి మాత్రం పులుపు చేతికియ్యబాకండి."

ఆ తర్వాత రెండేళ్ళు ఆయనే వాయించాడు. మూడో ఏడు పళ్ళన్నీ ఊడిపోయి, తన దగ్గరే సన్నాయి కూడా నేర్చుకున్న అల్లుణ్ణి పంపుతానన్నాడట. అమ్మమ్మ ఆయన్ని కూడా రమ్మని కబురు పెట్టింది. ఆ ఏడు ఆయనకి పంక్తిలోనే, నా పక్కన విస్తరి వేయించింది. చుట్టాల్లో ఇద్దరు లేచి అవతలి వరసకి వెళ్ళారు. అమ్మమ్మ వాళ్ళ వంక చూడనే లేదు. అల్లుడు తాత కంటే బాగా వాయించాడని అందరూ అన్నారు. నిజమే. కానీ కళ్ళు మూసుకుని వాయించాడు. పెరుగు పాట వచ్చేసరికి నేనూ తాతా ఇంకా పులుసులోనే ఉన్నాం. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, దొంగల్లా నవ్వుకున్నాం.

ఆ తోట ఇప్పుడు మాది కాదు. అలాంటి భోజనాలు ఇంకెక్కడా చూడలేదు. ఈమధ్య పెళ్ళిళ్ళలో స్టేజీ మీద పాట ఒకవైపు, ప్లేట్లు పట్టుకుని తినేవాళ్ళు ఒకవైపు. ఎవరి పని వాళ్ళది.

ఈ సాయంత్రం క్యాసెట్టు తిప్పిపెట్టలేదు. పిల్లకి ఎదురుగా కింద కూర్చుని పెరుగన్నంలో చిన్న రసం పిండి కలిపాను. పాటలేవీ తోచక ఎక్కాలే పాడాను. అది కాసేపు టేప్ రికార్డరు వంక చూసి, ఆఖరికి నా నోటి వంక చూడటం మొదలుపెట్టింది. ముద్ద బుగ్గలో ఉన్నప్పుడల్లా ఒక అంకె పట్టుకుని సాగదీశాను. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఛాతీ మండిపోతుంది. అయినా ఆ బుగ్గ మీంచి చూపు తియ్యబుద్ధి కాదు.

ఇప్పుడు నోట్‌బుక్ తెరిచాక చూసుకుంటే, ఎన్ని ముద్దలు తిందో గుర్తు లేదు. ఆ గీతల్లో ఇదంతా రాసుకుంటూ పోయాను.

వంద మంది చేతులు ఆపుకుని కూర్చునేవాళ్ళు. ఒక ముసలాయన ఊపిరంతా ఖర్చు పెట్టేవాడు. నేనేమో ఉడతని చూస్తూ, తీరిగ్గా, లోకంలో నాకంటే తొందర లేనివాళ్ళు లేనట్టు నమిలేదాన్ని. ఆ తోటలో "తొందరగా తిను" అని ఒక్కరంటే ఒక్కరు అన్నట్టు జ్ఞాపకం లేదు.